కిడ్నీ జబ్బుతో రోజువారీ తిండి లెక్క: కాటా, యాప్, నోటుబుక్కు మూడేళ్లకు పైగా వాడాక

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు తిండి లెక్క మొదలుపెట్టాలనుకుంటే ముందు కొనాల్సింది వంటింటి డిజిటల్ కాటా. యాప్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. మూడేళ్లకు పైగా ఈ రెండూ, వాటితోపాటు ఒక నోటుబుక్కూ వాడాక నాకు కలిగిన అభిప్రాయం ఇది. కొత్తగా రిపోర్టు చేతికొచ్చి ఏం తినాలో తోచక టెన్షన్ పడేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

నా పరిస్థితి ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ లెక్కలు అందరికీ ఒకటి కావు. బీపీ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి. 54 ఏళ్ల వయసులో రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) 1.6, జీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వడకడుతున్నాయో చెప్పే అంకె) 38 వచ్చింది. అంటే కిడ్నీ జబ్బు మూడో స్టేజిలో రెండో సగం, 3బి. షుగరు లేదు, డయాలసిస్ లేదు, నీళ్లు తగ్గించమని చెప్పలేదు. డాక్టరు గారు ఇచ్చిన హద్దులు: ప్రొటీన్ కిలో బరువుకు 0.8 గ్రాములు, ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు. నా బరువు 58 కిలోలు కాబట్టి ప్రొటీన్ 46 గ్రాములు. ఒకసారి రక్తంలో పొటాషియం ఉండాల్సినదానికంటే పెరిగి 5.6కి వెళ్లడంతో డైటీషియన్ దాన్ని కూడా రోజుకు 2500 మిల్లీగ్రాముల లోపు ఉంచమన్నారు. నేను బీపీకి వేసుకునే టెల్మిసార్టన్ రకం మాత్రలు పొటాషియాన్ని కొంచెం పెంచుతాయి. కానీ అవి కిడ్నీకి మేలు చేసేవి, సొంతంగా మానకూడదు. తిండిలోనే సర్దుకోవాలి. పొటాషియం మామూలుగా ఉన్నవాళ్లు మాత్రం పళ్లూ కూరగాయలూ చూసి భయపడాల్సిన పని లేదు. జబ్బు పేరు వినగానే పళ్లన్నీ మానేసిన వాళ్లను చూశాను, బాధేస్తుంది.

మొదట ఫోన్‌లో పెట్టుకున్న యాప్ పేరు చెప్పను. బరువు తగ్గాలనుకునేవాళ్ల కోసం చేసింది అది. సాయంత్రమయ్యేసరికి "ఈరోజు ప్రొటీన్ తక్కువైంది, పనీర్ తినండి" అని గుర్తుచేసేది. నాకు తక్కువ కావాల్సిందే అది! దానికంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటుంది. చాలా వంటకాలకు పొటాషియం సమాచారమే ఉండదు, అలాంటి చోట యాప్ సున్నా అని కూడేస్తుంది. పాలకూర పప్పు తిన్న రోజు కూడా మొత్తం 700 అని చూపిస్తే తక్కువే తిన్నామని నమ్మేస్తాం. సమాచారం లేకపోవడం వేరు, సున్నా వేరు. కిడ్నీ రోగి ఏ యాప్ ఎంచుకున్నా ముందు ఈ పరీక్ష పెట్టాలి: ఒక అరటిపండు, ఒక కప్పు పప్పు ఎక్కించి పొటాషియం గడిలో ఏం వస్తుందో చూడాలి. అరటిపండు ఒక్కటే 400 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. అది కనపడకపోతే ఆ యాప్ మనకు కాదు.

తర్వాత క్రోనోమీటర్ అనే యాప్‌కి మారాను, ఇప్పటికీ అదే. సోడియం, పొటాషియం, ఫాస్ఫరస్ మూడూ కనిపిస్తాయి, హద్దులు మనమే పెట్టుకోవచ్చు, మన వంటకాన్ని మనమే తయారుచేసి దాచుకోవచ్చు. దాని సమాచారం ఎక్కువగా అమెరికా పట్టికల నుంచి వస్తుంది. బెండకాయ, వంకాయ, బియ్యం లాంటి వాటికి అదేమీ అడ్డు కాదు. గోంగూర, చిక్కుడుకాయ, పొట్లకాయ దగ్గరికి వచ్చేసరికి మన పట్టిక కావాలి. ఆ పట్టిక హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్ఐఎన్, 2017లో వేసింది. 528 రకాల ఆహార పదార్థాల విలువలున్నాయి, తెలుగు పేర్లు కూడా ఇచ్చారు. విలువలు ఎక్కువగా వండని పదార్థానివి కాబట్టి కాటా లేకుండా ఆ పుస్తకం పెద్దగా అక్కరకు రాదు.

అందుకే కాటా ముందు అన్నాను. దాన్ని ఎలా వాడతానో కందిపప్పుతో చెప్తాను. ఖాళీ గిన్నె కాటా మీద పెట్టి బరువు రాసుకుంటాను. మా గిన్నెల బరువులన్నీ అలమర తలుపు లోపలివైపు కాగితం మీద రాసి అంటించి ఉన్నాయి. పచ్చి కందిపప్పు 100 గ్రాములు తూస్తాను. అందులో ప్రొటీన్ 22 గ్రాములకు కొంచెం తక్కువ, పొటాషియం 1400 మిల్లీగ్రాముల దగ్గర. టొమాటో, పోపు అన్నీ పడి పప్పు తయారయ్యాక గిన్నెతో సహా మళ్లీ తూచి గిన్నె బరువు తీసేస్తే 600 గ్రాములు వచ్చిందనుకోండి. నా పళ్లెంలో 150 గ్రాములు వేసుకుంటే నాలుగో వంతు. అంటే కందిపప్పు నుంచి ప్రొటీన్ 5.4, పొటాషియం 350. ఆ గిన్నెలో ఉప్పు 6 గ్రాములు వేసి ఉంటే నా వాటా గ్రామున్నర, సోడియం 600. ఇలా ఒక్కో వంటకానికి ఒకటి రెండు సార్లు చేస్తే చాలు. మా ఇంట్లో తిరిగి తిరిగి వండేవి పాతిక ముప్ఫై రకాలకు మించవు. అవన్నీ ఎక్కించాక రోజూ రాయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు.

ఉప్పు విషయంలో ఇంకో పద్ధతి కుదిరింది. కూర దించే ముందు, ఉప్పు వేయకుండానే నా వాటా చిన్న గిన్నెలోకి తీసేస్తాను. మిగతాదానికి అందరికీ సరిపడా ఉప్పు. నా గిన్నెలో చిటికెడు ఉప్పు, నిమ్మరసం, మిరియాల పొడి. మా ఆయన, పిల్లలు చప్పిడి తినక్కర్లేదు, నేను పస్తు ఉండక్కర్లేదు. ఇంట్లో ఒకరికి జబ్బుంటే అందరికీ ఒకే చప్పిడి వంట చేయమని పెద్దవాళ్లు సలహా ఇస్తారు. నాకది నచ్చదు. నాలుగు రోజులకే ఇంటిల్లిపాదికీ విసుగొచ్చి మొత్తం వదిలేస్తారు.

లెక్క రాయడం మొదలయ్యాక నన్ను బాగా ఆశ్చర్యపరిచింది అన్నం. అన్నంలో ప్రొటీన్ ఉండదనే మాట ఎక్కడ చూసినా వింటాం. బియ్యంలో 100 గ్రాములకు దాదాపు 8 గ్రాములుంటుంది. నేను రోజుకు 150 గ్రాముల బియ్యం అన్నం తింటాను, అంటే 12 గ్రాములు అన్నం నుంచే. దానిమీద పప్పు, పొద్దున మూడు ఇడ్లీలు, రాత్రి పెరుగు, టీల్లో పాలు, ఒక గుడ్డు కలిస్తే రాత్రికి 46కి దగ్గరికొచ్చేస్తుంది. కాబట్టి గుడ్డు తిన్న రోజు పప్పు పల్చన చేసుకుంటాను. గుడ్డులో ఫాస్ఫరస్ దాదాపు అంతా పచ్చసొనలోనే ఉంటుంది, తెల్లసొనలో చాలా తక్కువ. ఫాస్ఫరస్ పెరిగినవాళ్లకు ఈ సంగతి ఉపయోగపడుతుంది.

అలాగని తిండి మరీ తగ్గించడం ప్రమాదం. లెక్క మొదలైన కొత్తలో నా కేలరీలు కూడా బాగా పడిపోతున్నాయని డైటీషియన్ పట్టుకున్నారు. కిలో బరువుకు 25 నుంచి 35 కేలరీలు ఉండాలి. అంతకు తగ్గితే శరీరం సొంత కండనే కరిగించుకుంటుంది. కండ తగ్గితే క్రియాటినిన్ కూడా తగ్గుతుంది, రిపోర్టు బాగుందని సంబరపడతాం, నిజానికి మనిషి నీరసిస్తున్నట్టు. అందుకని నెలకోసారి బరువు కూడా అదే నోటుబుక్కులో రాస్తాను.

ఇక యాప్ చెప్పలేనిది ఒకటుంది: నిజంగా ఎంత ఉప్పు తింటున్నాం అనేది. నా లెక్కలో రోజుకు ఆరు గ్రాములు దాటకపోయినా బీపీ అనుకున్నంత దిగలేదు. డాక్టరు గారు 24 గంటల మూత్రం పరీక్ష రాశారు. అందులో సోడియం 150 మిల్లీమోల్స్ వచ్చింది, ఉప్పులో చెప్పాలంటే దాదాపు 9 గ్రాములు. తిన్న సోడియంలో ఎక్కువ భాగం మూత్రంలోనే పోతుంది కాబట్టి ఆ పరీక్షను బుకాయించలేం. ఆ మూడు గ్రాములు ఎక్కడివో వెతికితే ఇడ్లీ పిండిలో ఉప్పు, అప్పడం, బ్రెడ్డు, బయటి టిఫిన్‌తో వచ్చే చట్నీ సాంబారు బయటపడ్డాయి. యాప్‌లో "ఇడ్లీ" అని కొడితే వచ్చే సోడియం ఎవరి వంటింటిదో మనకు తెలియదు. హోటల్ పిండిలో వంటసోడా కూడా ఉంటే అదీ సోడియమే. ఇంటి పిండికి ఉప్పు తూచి వేయడం మొదలుపెట్టాక, అప్పడం మానేశాక, తర్వాతి పరీక్ష 100 లోపుకి దిగింది, బీపీ కూడా 150ల నుంచి 130ల్లోకి వచ్చింది. లెక్క రాసేవాళ్లు డాక్టరుని అడిగి ఈ పరీక్ష ఏడాదికి ఒకసారైనా చేయించుకోవాలని గట్టిగా చెప్తాను.

ఆవకాయ గురించి అందరూ అడుగుతారు. మా ఇంట్లో కిలో ముక్కలకు పావుకిలో ఉప్పు, పావుకిలో కారం, పావుకిలో ఆవపిండి, అర లీటరు నూనె. కలిపితే వందకు 11 గ్రాముల ఉప్పు. ఒక స్పూను, అంటే 15 గ్రాములు వేసుకుంటే సోడియం 650 మిల్లీగ్రాములు. రోజు మొత్తానికి ఉన్నది 2000. నేను మానలేదు, ఆదివారం పూట కాటా మీద ఐదు గ్రాములు తూచి వేసుకుంటాను, ఆ పూట కూరలో ఉప్పు వేయను. పచ్చడి పూర్తిగా మాన్పించి, వారానికోసారి దొంగచాటుగా తినేలా చేయడం కంటే ఇది మేలు.

ఉప్పుకి బదులు అంటూ రెండు వస్తువులు మన ఇళ్లలోకి వస్తాయి. సైంధవ లవణం ఒకటి. అదీ ప్రధానంగా సోడియం క్లోరైడే, లెక్కలో ఏ తేడా లేదు. రెండోది "లో సోడియం" ఉప్పు. ఇందులో చాలా రకాల్లో సోడియం తగ్గించి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. మామూలు బీపీ వాళ్లకు మంచిదేమో కానీ పొటాషియం పెరిగే కిడ్నీ రోగికి అపాయం. మా బంధువులు ప్రేమగా తెచ్చిన ప్యాకెట్ వెనక చదివి పక్కన పెట్టాను.

కొబ్బరినీళ్లు ఇంకో పెద్ద సంగతి. మా అత్తగారి వైపు చుట్టాలు సోంపేట దగ్గర ఉంటారు. శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం అనే ఆ ప్రాంతం అంటేనే కొబ్బరి తోటలు. అక్కడ గుమ్మంలోకి వెళ్లగానే బొండాం కొట్టి చేతిలో పెడతారు, కాదంటే నొచ్చుకుంటారు. 100 మిల్లీలీటర్ల కొబ్బరినీళ్లలో పొటాషియం 200 మిల్లీగ్రాముల పైనే, ఒక్క బొండాం తాగితే 500 దాటుతుంది. ఆ ఊళ్లలో కిడ్నీ జబ్బు చాలా ఎక్కువ, ఎందుకొస్తోందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అలాంటి చోట "కిడ్నీకి కొబ్బరినీళ్లు మంచివి" అనే నమ్మకం ఎవరికి వర్తిస్తుందో, ఎవరికి వర్తించదో ప్రతి ఇంట్లో తెలియాలి. రక్తంలో పొటాషియం ఎంతుందో చూడకుండా ఎవరికీ బొండాం ఇవ్వకూడదు, ఎవరి దగ్గరా లాక్కోకూడదు.

కూరగాయల్లో బీరకాయ, సొరకాయ నాకు బాగా కలిసొచ్చాయి. బంగాళాదుంప, కంద లాంటివి ముక్కలు చేసి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తాను, పొటాషియం కొంత అందులో పోతుంది. ఎంత పోయిందో తూచలేం కాబట్టి యాప్‌లో పచ్చి ముక్కల విలువే ఉంచుతాను. లెక్క కొంచెం ఎక్కువ చూపిస్తే నష్టం లేదు.

ఫాస్ఫరస్ అంకె మీద మాత్రం నాకు నమ్మకం తక్కువ. పప్పులు, గింజల్లో ఉన్నది మన ఒంటికి కొంతే పడుతుంది. ప్యాకెట్ తిండిలో, కూల్‌డ్రింకుల్లో కలిపిన ఫాస్ఫేటు దాదాపు అంతా పడుతుంది. యాప్ రెండిటినీ ఒకేలా కూడుతుంది. పైగా మన దగ్గర ప్యాకెట్ల మీద ఫాస్ఫరస్, పొటాషియం అంకెలు వేయాలనే నిబంధనే లేదు. కాబట్టి అంకె వదిలేసి పదార్థాల జాబితాలో 338 నుంచి 343 వరకు, 450 నుంచి 452 వరకు ఐఎన్ఎస్ నంబర్లుంటే (ప్యాకెట్ తిండిలో కలిపే ఫాస్ఫేట్లకు ఇచ్చే గుర్తు నంబర్లు ఇవి) ప్యాకెట్ వెనక్కి పెట్టేస్తాను.

ఇప్పుడు రోజూ రాయడం లేదు. రక్తపరీక్షకు ముందు వారం, కొత్త వంటకం చేసిన రోజు, పెళ్లిళ్ల సీజన్ అయ్యాక కొన్నాళ్లు రాస్తాను. రోజూ రాస్తే ముద్ద ముద్దకీ అంకె కనపడి తినబుద్ధి పుట్టదు. మొదటి రెండు మూడు నెలలు మాత్రం వదలకుండా రాయాలి, కొలత చేతికి అలవాటయ్యేది అప్పుడే. నాకు క్రియాటినిన్ ఇప్పుడు 1.7, జీఎఫ్ఆర్ 35. జబ్బు ఇంత నెమ్మదిగా పెరగడంలో మాత్రల వాటా ఎంత, తిండి వాటా ఎంత అని విడదీయలేను. పొటాషియం మాత్రం 5.0 లోపే ఉంటోంది, అది నా నోటుబుక్కులో తేదీలతో సహా కనిపిస్తుంది.

కాటా ఐదు వందల రూపాయల్లో వచ్చింది, గ్రాము వరకు చూపిస్తే చాలు. ఉప్పుకి గ్రాములో పదో వంతు చూపే చిన్నది వేరే తీసుకోవచ్చు, నేను తీసుకున్నాను. యాప్ ఉచితంగా వాడుకునే భాగంతోనే నడిపిస్తున్నాను, ఇంగ్లీషు చదవలేనివాళ్లకు పిల్లలు సాయం చేయాలి. డయాలసిస్ మొదలైనవాళ్లు నా హద్దులు తీసుకోవద్దు. వాళ్లకు ప్రొటీన్ కిలోకు 1 నుంచి 1.2 గ్రాముల వరకు, అంటే నాకంటే ఎక్కువే కావాలి. కాటా, గిన్నె బరువుల కాగితం మాత్రం వాళ్లకూ ఇలాగే పనికొస్తాయి.