అక్కతో, మడత వీల్‌చైర్‌తో ఏడు రోజుల క్రూజ్

మా అక్క నడవగలదు. ఇంట్లో గది నుంచి గదికి తిరుగుతుంది, మంచి రోజైతే వీధి చివరిదాకా వెళ్లొస్తుంది. కీళ్లవాతం ఎక్కువైన రోజు మాత్రం పదడుగులకే మోకాళ్లు పట్టేస్తాయి. అప్పుడు వీల్‌చైర్ ఉండాల్సిందే. ఇంత చిన్న సంగతి అందరికీ విడమరిచి చెప్పలేక ఈ ప్రయాణంలో మా ఓపిక అంతా అయిపోయింది.

మొదటి దెబ్బ ఓడలో మా గది దగ్గరే తగిలింది. "ఆవిడ నడుస్తారుగా, మామూలు గది చాలు, మడత కుర్చీ పట్టేస్తుంది" అన్నాడు బుక్ చేసిన ఏజెంటు. పట్టలేదు. గుమ్మం 23 అంగుళాలు, మా కుర్చీ 25. బావ టేపు పెట్టి కొలిచి, ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు. వచ్చిన ప్రతిసారీ అక్కను గుమ్మం దగ్గర లేపాలి, కుర్చీ మడవాలి, మంచం పక్కన ఇరికించాలి. బయట నడవాలో పెట్టనివ్వరు. ప్రమాదం జరిగితే జనం పరుగెత్తే దారి అది, కాబట్టి వాళ్లను తప్పుపట్టను. బాత్రూంకి మాత్రం ఎత్తు గడప ఉంది. రాత్రి దాన్ని దాటాలంటే భయమేసి అక్క సాయంత్రం నుంచే మంచినీళ్లు మానేసింది. ఆ మాట నాకు మూడో రోజున చెప్పింది. ఏజెంటు మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు.

వీల్‌చైర్ కోసం వేరే గదులు ఉంటాయి. తలుపు దాదాపు 32 అంగుళాలు, గడప ఉండదు, కూర్చుని స్నానం చెయ్యొచ్చు, గోడకు పట్టుకునే కమ్మీలు ఉంటాయి. ఓడ మొత్తానికి అలాంటివి కొన్నే, త్వరగా అయిపోతాయి. రోజూ కుర్చీ వాడకపోయినా మొహమాటపడకుండా ఆ గదే అడగండి. ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తులో దొరికితే ఊపు కూడా తక్కువ.

సముద్రం మీద గడిచిన రోజులు హాయిగా వెళ్లిపోయాయి. గ్రీసు దీవి రోడ్స్‌లో ఓడ రేవుకే ఆనుతుంది, దిగడం సులువు. పాత కోట ఊళ్లో మాత్రం నేలంతా గులకరాళ్లు, కుర్చీ ముందు చక్రాలు అడుగడుగునా ఇరుక్కుంటాయి. అదృష్టం, అది అక్కకు మంచి రోజు. నా చెయ్యి పట్టుకుని నడిచింది.

మరో గ్రీకు దీవి సాంటొరినిలో అలా కుదరలేదు. అక్కడ ఓడ సముద్రంలోనే ఆగుతుంది, చిన్న పడవల్లో ఒడ్డుకు చేరాలి. పడవ దగ్గరున్న ఉద్యోగి కుర్చీని చూడగానే "వీలుకాదు" అన్నాడు. మెట్లు దిగి సొంతంగా పడవలోకి అడుగు వెయ్యగలగాలన్నదే రూలు, అది అక్క చెయ్యగలదు. అదే చూపిద్దామని లేచి నిలబడింది. "నిలబడగలిగితే మరి కుర్చీ ఎందుకు?" అన్నాడు, వెనక లైన్లో అందరూ వింటుండగా. అక్క ముఖం చూడలేకపోయాను. "వెనక్కి వెళ్లిపోదాంలే" అంది. అంతవరకూ నోరెత్తని బావ అప్పుడు కదిలాడు. పై ఆఫీసర్ని పిలిపించేదాకా అక్కణ్నుంచి జరగలేదు. వచ్చినావిడ అక్కనే అడిగింది: "మీరు ఎన్ని మెట్లు దిగగలరు?" ఆ ప్రయాణం మొత్తంలో సరైన ప్రశ్న అదొక్కటే. తర్వాతి పడవలో ఇద్దరు నావికులు చెరో పక్క నిలబడ్డారు, కుర్చీని మడిచి విడిగా తెచ్చారు.

కొండ మీదున్న ఊరికి కాలినడకన వెళ్లాలంటే ఆరువందల మెట్లకు కాస్త తక్కువ. మేం కేబుల్ కారెక్కాం. ఆ స్టేషన్లోనూ మెట్లున్నాయి, అస్సలు నడవలేనివాళ్లకు కష్టం. పైన గోడ పక్కన నీడలో కుర్చీ ఆపితే అక్క రెండు గంటలు సముద్రాన్ని చూస్తూ ఉండిపోయింది. ఊరు తిరిగి రమ్మని మమ్మల్ని పంపబోయింది కానీ బావ కదల్లేదు.

తిరుగు పడవ దగ్గర మళ్లీ ఆ ఉద్యోగే ఉన్నాడు. పొద్దున అందరికంటే ముందు లేచి నిలబడ్డ అక్క, ఈసారి చివరి అడుగు వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు.