జైలు మండి: మటన్ మెత్తగా, తాళం ఉత్తుత్తిగా

మనవడికి పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయని అల్లుడు పార్టీ ఇస్తానన్నాడు. ఎక్కడికి పోదామంటే పిల్లలిద్దరూ ఒకేసారి "జైలు మండి" అని అరిచారు. మండి అంటే మాంసం పెట్టి వండే అరబ్బు అన్నం, దాన్ని జైలులా అలంకరించిన హోటల్లో పెడతారన్నమాట. మా అమ్మాయి నా మొహం వైపు చూసి, "నాన్నా, నీకు ఇబ్బందిగా ఉంటే వేరే చోటికి పోదాం" అంది. ముప్పై రెండేళ్లు జైల్లోనే తిన్నాను, ఇంకో పూట తింటే పోయేదేముంది అన్నాను. 1985లో వార్డర్‌గా చేరి, 2017 మొదట్లో హెడ్ వార్డర్‌గా రిటైరయ్యాను. కాబట్టి ఈ రివ్యూలో కాస్త డ్యూటీ చాదస్తం ఉంటుంది, ఓపిక పట్టండి.

హోటల్ పేరు రాయను. దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీనగర్ పోయే దారిలో, మొదటి అంతస్తులో ఉంది. హైదరాబాద్‌లో ఇప్పుడు ఇలాంటివి చాలా వచ్చాయి కాబట్టి నేను చెప్పేది దాదాపు అన్నింటికీ సరిపోతుంది. మెట్ల దగ్గర ఖాకీ వేసుకున్న కుర్రాడు లాఠీతో సెల్యూట్ కొట్టి "ఏ కేసు సార్?" అని అడుగుతాడు. "ఆకలి కేసు" అనాలట, మా మనవరాలికి ముందే తెలుసు. లోపల వరసగా సెల్‌లు, ఒక్కోదానికి నల్లరంగు ఊచలు, నంబరు పలక. గోడ మీద ఎత్తు కొలిచే గీతలు, చేత్తో పట్టుకోవడానికి ఒక స్లేటు, కొక్కేనికి వేలాడుతూ బేడీలు. ఫొటోల కోసమే ఇదంతా.

ముందు తిండి సంగతి. మటన్ జ్యూసీ మండి, చికెన్ ఫ్రైడ్ మండి చెప్పాం, ఐదుగురికి. ఇరవై ఐదు నిమిషాల్లో వచ్చింది. మటన్ బాగా ఉడికింది, వేలితో నొక్కితే ఎముక వదిలేసింది. అన్నం పొడిపొడిగా, నెయ్యి వాసనతో ఉంది. మసాలా తక్కువ, నా వయసు కడుపుకి అదే మంచిది. చికెన్ కొంచెం ఎండిపోయింది, ఛాతీ ముక్క అయితే మరీను. టమాటా సలాటా పుల్లగా, కారంగా బాగుంది, రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. మయోనైజ్ పిల్లలకి నచ్చింది. నాకు దాని గోలే అర్థం కాదు. కద్దూ కీ ఖీర్ (సొరకాయ పాయసం) అన్నారు గానీ అందులో కద్దూ కంటే చక్కెర ఎక్కువ. మొత్తం మీద తిండికి నాలుగు స్టార్లు ఇస్తాను.

మండికీ బ్యారక్‌కీ పాత చుట్టరికం ఉంది, అది హోటల్ వాళ్లకి తెలుసో లేదో. ఈ వంట మనకి హైదరాబాద్‌లోని బార్కస్ నుంచి వచ్చింది. నిజాం సైన్యంలో చేరిన యెమెన్ అరబ్బులు ఉన్న పేట అది. సైనికుల బ్యారక్స్ అన్న మాటే నోళ్లలో నలిగి బార్కస్ అయింది. అంటే బ్యారక్‌ల పేట నుంచి వచ్చిన తిండిని మళ్లీ బ్యారక్‌లో పెట్టి వడ్డిస్తున్నారన్నమాట.

ఇక థీమ్. సెల్‌లోకి వెళ్లగానే నా చెయ్యి దానంతటదే తాళం మీదికి పోయింది. తాళం వేశాక రెండుసార్లు గుంజి చూడటం మా అలవాటు. గుంజితే చేతిలోకి ఊడొచ్చింది. పైకి ఇనుములా ఉంది గానీ లోపల బోలు. మా అల్లుడు నవ్వి, "మామయ్యా, తాళం పగలగొట్టారు, ఇప్పుడు మీమీదే కేసు" అన్నాడు. అందరం నవ్వాం. నేను మాత్రం లోపలికి వచ్చిన ఐదుగురినీ మనసులో లెక్క పెట్టుకున్నాను. అది ఇక పోదు.

వడ్డించే కుర్రాళ్లకి నలుపు తెలుపు చారల బట్టలు వేశారు. ఇది సినిమా చూసి చేసిన పని. మా దగ్గర శిక్షపడ్డ ఖైదీలకి తెల్లబట్టలు. రిమాండ్ ఖైదీలకైతే యూనిఫామే ఉండదు, ఇంటి నుంచి వచ్చిన బట్టలే కట్టుకుంటారు. నేరం రుజువు కాలేదు కాబట్టి. నిజంగా మన జైలు చూపించాలంటే ఇక్కడ నలుగురు సర్వర్లలో ముగ్గురు మామూలు ప్యాంటూ చొక్కాల్లో ఉండాలి. 2022 చివరికి దేశం మొత్తం జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. ఇది సర్కారు వాళ్ల లెక్కే. డ్యూటీలో ఉన్నప్పుడు నాకు ఈ అంకెలు తెలియవు గానీ బ్యారక్‌లో చూపు తిప్పితే తెలిసేది, తెల్లబట్టలు ఎంత తక్కువో.

పక్క సెల్‌లో కాలేజీ పిల్లలు "ఓయ్ ఖైదీ, మయోనైజ్ తేరా" అని కేకలేస్తున్నారు. మాకు వడ్డించిన కుర్రాడిది మహబూబాబాద్ వైపు. ఆ పిలుపుకి ఏమనుకుంటావని అడిగితే "అలవాటైంది సార్, ఉక్కపోతే ఎక్కువ" అని చారల చొక్కా కాలర్ లాక్కున్నాడు. ఆ కాలేజీ పిల్లల్ని తిట్టే హక్కు నాకు లేదు. నేను కూడా ఎంతమందిని "ఏయ్" అని పిలిచానో, ఎంతమంది పేర్లు తెలిసి కూడా పలకలేదో.

బేడీల దగ్గర మనవడు ఫొటో దిగుతూ "తాతా, నువ్వు ఎంతమందికి వేశావు?" అని అడిగాడు. జైలు వార్డర్ బేడీలు వేయడురా, కోర్టుకి తీసుకెళ్లే ఎస్కార్ట్ పోలీసులు వేసేవాళ్లు అని చెప్పాను. అదీ ఇష్టమొచ్చినట్టు వేయకూడదని 1980లోనే ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పారిపోతాడన్న గట్టి కారణం ఉంటే తప్ప మనిషికి సంకెళ్లు వేయడం అమానుషమని జస్టిస్ కృష్ణయ్యర్ రాశారు. నేను ఉద్యోగంలో చేరింది దాని తర్వాత ఐదేళ్లకి. అయినా వాయిదా రోజు పొద్దున గేటు దగ్గర గొలుసుల చప్పుడు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. 2024 జులై నుంచి వచ్చిన కొత్త చట్టం కొన్ని పెద్ద నేరాలకి బేడీలు వేయొచ్చని రాసే ఉంచింది. వాడికి ఇదంతా ఎక్కలేదు. "ఫొటో బాగొచ్చిందా తాతా?" అన్నాడు. బాగానే వచ్చింది.

థీమ్ అంటే సంగారెడ్డి వాళ్లదే నయం. 1796 నాటి పాత జిల్లా జైలుని మ్యూజియం చేసి, 2016లో ఐదు వందలు కడితే ఇరవై నాలుగు గంటలు లోపల ఉంచే పథకం పెట్టారు. ఖద్దరు బట్టలు, స్టీలు ప్లేటు, మగ్గు ఇచ్చి, జైలు తిండే పెట్టి, బ్యారక్ మనచేతే ఊడిపించేవారు. అందులో కొంచెమైనా నిజాయితీ ఉంది.

ఊడవడం అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను. నేను మొదట్లో పనిచేసిన ఒక సబ్‌జైల్లో కొత్త ఖైదీ రాగానే రిజిస్టర్‌లో కులం గడి చూసేవాళ్లం. వంటకి ఎవరు, దొడ్లు కడగడానికి ఎవరు అన్నది ఆ గడి దగ్గరే తేలిపోయేది. ఎవరూ ఆర్డర్ ఇవ్వక్కర్లేదు, నా చెయ్యే చూపించేది. 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు ఇలా కులాన్ని బట్టి పని పంచడం రాజ్యాంగానికి విరుద్ధమని, ఆ గడే తీసేయమని తీర్పిచ్చింది. ఒక జర్నలిస్టు కోర్టుకి పోతే వచ్చిన తీర్పు. ఆ రోజు టీవీ చూస్తూ మా ఆవిడతో ఏమీ అనలేదు. ఇంటివాళ్లు ఖైదీని చూడటానికి వచ్చే ములాఖత్ దగ్గర ఇంకో ఐదు నిమిషాలు మాట్లాడనిస్తే చేతిలో పెట్టే పది నోటు కూడా తీసుకున్నవాణ్ణే. అబద్ధం ఎందుకు?

మళ్లీ హోటల్‌కి వస్తే, వాళ్లు అస్సలు పట్టుకోలేకపోయింది టైము. మేము రాత్రి ఎనిమిదిన్నరకి వేడివేడిగా తిన్నాం. జైల్లో రాత్రి భోజనం సాయంత్రం నాలుగున్నర, ఐదుకే ఇచ్చేస్తారు. ఆరు లోపు లెక్క చూసి తాళాలు పడాలి కదా. ఐదుకి ఎవరికి ఆకలేస్తుంది? ప్లేటు మీద ఇంకో ప్లేటు బోర్లించి, దాని మీద తువ్వాలు చుట్టి, పడుకునే చోట తల దగ్గర పెట్టుకునేవాళ్లు. ఎనిమిదికి రౌండ్‌కి పోతే ఒకరి తర్వాత ఒకరు తువ్వాళ్లు విప్పడం కనిపించేది. అన్నం గట్టిపడి, పప్పు మీద మీగడలా పొర కట్టి ఉండేది. దాన్ని చేత్తో మెత్తగా మెదిపి, ఏమీ మాట్లాడకుండా తినేవాళ్లు. వంద మంది ఉన్న బ్యారక్‌లో ఆ కాసేపు స్టీలు చప్పుడు తప్ప ఇంకేం ఉండేది కాదు. ఈ హోటల్లో మాత్రం స్పీకర్లో పాటల హోరు, పక్కవాడి మాట వినపడదు. సౌండ్ తగ్గించమని రెండుసార్లు అడిగాను, తగ్గించలేదు. దానికి ఒక స్టార్ కోత.

చివరికి బిల్లు వచ్చింది. ఇక్కడ బిల్లుని "బెయిల్" అంటారు. చిన్న చెక్క పెట్టెలో పెట్టి తెస్తారు. మీద "బెయిల్ కట్టండి, విడుదల కండి" అని రాసి ఉంది. పిల్లలు పగలబడి నవ్వారు. ₹2,340 అయింది. అల్లుడు ఫోన్‌తో స్కాన్ చేశాడు, డింగ్ మంది, కుర్రాడు ఊచల తలుపు బార్లా తీశాడు.

ఈ హోటల్ మొత్తంలో నిజం జైలుకి దగ్గరగా ఉన్నది ఆ పెట్టె మీద రాత ఒక్కటే.

ఒక తాపీ పని కూలీ ఉండేవాడు, రాగి తీగ దొంగతనం కేసు. కోర్టు జామీను, అంటే బెయిల్, ఇచ్చింది, పదివేల చొప్పున ఇద్దరు షూరిటీలు కావాలంది. షూరిటీ అంటే ఇంటి పన్ను రసీదో, ఉద్యోగం ఉన్నట్టు కాగితమో ఉన్న మనిషి. ఇతనికి తెలిసిన వాళ్లంతా ఇతనిలాంటి వాళ్లే, ఇళ్లు కడతారు గానీ ఎవరి పేరు మీదా ఇల్లు లేదు. కోర్టు బయట డబ్బులకి జామీను నిలబడేవాళ్లు దొరుకుతారు, ఆ డబ్బులూ లేవు. జామీను వచ్చాక కూడా నాలుగు నెలల పైన లోపలే ఉన్నాడు. రోజూ సాయంత్రం తాళం వేసే వేళకి ఊచల దగ్గరికి వచ్చి "సార్, కాగితం వచ్చిందా?" అని అడిగేవాడు. మొదట్లో లేదని చెప్పేవాణ్ణి. తర్వాత విసుగొచ్చి "రేపొస్తది పో" అనడం మొదలుపెట్టాను. అలా అంటే ఆ రాత్రికి గొడవ ఉండదు. పైవాళ్లకి రాయాలన్న ఆలోచన నాకు రాలేదు. వచ్చినా ఎవరికి రాయాలో తెలియదు.

అప్పటికే 1978లో మోతీరాం కేసు ఉందని చాలా ఏళ్ల తర్వాత ఒక వకీలు చెప్పగా తెలిసింది. అతనూ తాపీమేస్త్రీయే. పదివేలకి షూరిటీ అడిగి, సోదరుడు నిలబడతానంటే ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేట్ ఒప్పుకోలేదట. పేదవాడికి ఇంత మొత్తం పెడితే ఎలాగని సుప్రీంకోర్టు దాన్ని వెయ్యికి తగ్గించింది. నేను రిటైరయ్యాక ఆరేళ్లకి, 2023 జనవరి 31న ఇంకో ఆదేశం వచ్చింది. జామీను ఆర్డర్ కాపీని ఆ రోజో మర్నాడో జైలుకి మెయిల్ చేయాలి. ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకి తెలియజేయాలి. అంటే ఎవరికి రాయాలో ఇప్పుడు కాగితం మీద ఉంది. మీవాళ్లెవరైనా ఇలా ఇరుక్కుంటే నేరుగా ఆ సంస్థకే వెళ్లండి, జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. కస్టడీలో ఉన్నవాళ్లకి వకీలు ఖర్చు ఉండదు.

హోటల్ రివ్యూలో ఇదంతా ఎందుకని మా అమ్మాయి అంటోంది. సరే. యాజమాన్యానికి రెండు మాటలు. ఆ కుర్రాళ్లకి పలచటి నూలు చొక్కాలు కుట్టించండి, తెల్లవైతే మరీ మంచిది. ఆ పెట్టె మీద రాత తీసేయమని అడగను గానీ, నాలాంటివాడు వచ్చినప్పుడు మామూలు బిల్లు ఇవ్వండి చాలు. తాళాలు బాగు చేయించకండి, ఊడిపోయేవే ఉండనివ్వండి.

వెళ్లేవాళ్లకి: శని, ఆదివారాలు ఏడు దాటితే గంట వెయిటింగ్ ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద కూర్చునే సెల్ వద్దని ముందే చెప్పండి, వెనక టేబుళ్లున్న సెల్‌లు రెండున్నాయి. బండి పార్కింగ్ రోడ్డు మీదే. మటన్ చెప్పండి, చికెన్ వద్దు. తిండికి నాలుగు, సౌండ్ కోత పోగా మొత్తం మూడు స్టార్లు. మహబూబాబాద్ కుర్రాడికి ఐదు. పేరు అడిగితే చొక్కా మీద నంబరు చూపించబోయి, నవ్వి, పేరు చెప్పాడు. ఇక్కడ రాస్తే వాడి ఉద్యోగానికి ఇబ్బందేమోనని రాయడం లేదు.