పర్ర పల్లంలో సరుగుడు పలచన: ఒక కోత ముఠా పనితీరుపై సమీక్ష

బాపట్ల జిల్లా తీరంలో మాకున్న రెండున్నర ఎకరాల సరుగుడు తోటలో ఎకరం దాకా మెరక ఇసుక, మిగిలినదంతా పర్రను, అంటే నీరు నిలిచే తీరపు బురదనేలను, ఆనుకుని ఉన్న పల్లం. ఈశాన్య ఋతుపవనాల వానలు డిసెంబరులో ఆగినా ఆ పల్లంలో నీరు ఫిబ్రవరి దాకా ఇంకదు. పైకి ఆరినట్టు కనిపించే చోట కూడా అడుగు వేస్తే కాలు మోకాటి దాకా దిగబడుతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు అక్కడున్న పాత తోట దాదాపు మొత్తం ఒరిగిపోయింది. తిరిగి నాటిన తోటకు రెండేళ్ళు నిండడంతో ఈ జనవరి చివర పలచన చేయించాలని, అంటే కొన్ని చెట్లను తీయించి మిగిలినవాటికి చోటివ్వాలని, నిర్ణయించుకుని, పక్క మండలానికి చెందిన ఒక కోత ముఠాకు ఆ పని అప్పగించాను. వారి పేరు ఇక్కడ రాయడం లేదు. పనిలో మెచ్చుకోవలసినవీ తప్పుపట్టవలసినవీ రెండూ ఉన్నాయి కనుక ఆ పని గురించే రాస్తాను.

మా వైపు సరుగుడును మీటరుకొక మొక్క చొప్పున, ఎకరానికి సుమారు 4,000 మొక్కలు నాటడం అలవాటు. రెండో ఏడు నిండేసరికి కొమ్మలు ఒకదానిలో ఒకటి చొచ్చుకుపోయి, చెట్లు వెలుతురు కోసం పైకి సాగుతాయే తప్ప లావెక్కవు. అప్పుడు కొన్నింటిని తీసి పందిళ్ళకు, అరటి గెలల ఊతానికి కర్రలుగా అమ్ముకుంటే, మిగిలినవి కాగితం మిల్లు కలపకు నాలుగైదేళ్ళ వయసులో బాగా అక్కరకొస్తాయి. అయితే తోటను పూర్తిగా నరికే పనికీ, పలచన చేసే పనికీ ఒక పెద్ద తేడా ఉంది. పూర్తిగా నరికేటప్పుడు నేల చెడితే తరువాత దున్ని సరిచేసుకోవచ్చు. పలచనలో మాత్రం మనం ఉంచదలచిన చెట్ల వేళ్ళే బండి చక్రాల కింద ఉంటాయి. పల్లంలో నీటిమట్టం పైకే ఉండడం వల్ల వేళ్ళు లోతుకు దిగకుండా పైపైనే పరుచుకుంటాయి కాబట్టి, ఒక్క గాడి పడినా రెండు పక్కల చెట్లకూ దెబ్బ తగులుతుంది.

నేను ముగ్గురిని పిలిచి ధర అడిగాను. వారిలో ఇద్దరు ట్రాక్టరుకు దమ్ము చక్రాలు తగిలించి లోపలికి తోలుతామన్నారు. వరి మడిలో ఆ ఇనుప చక్రాలు చక్కగా పని చేస్తాయనడంలో సందేహం లేదు, ఎందుకంటే అక్కడ ఏళ్ళ తరబడి దమ్ము చేసిన బురద కింద గట్టి పొర ఒకటి ఉండి చక్రానికి ఆనిక ఇస్తుంది. పర్రలో అలాంటి పొర లేదు. రెండు టన్నుల బరువున్న ట్రాక్టరు దానిలో దిగితే చక్రాలు తిరిగేకొద్దీ వేళ్ళను తెంపుకుంటూ మరింత లోతుకు పోతుంది. చివరికి దానిని బయటికి లాగడానికి ఇంకొక ట్రాక్టరు కావాలి. మూడో ముఠా మేస్త్రి మాత్రం ధర మాట్లాడకముందే చేతిలో గెడకర్ర పట్టుకుని పల్లమంతా తిరిగి, పదేసి అడుగులకొకసారి దానిని నేలలో గుచ్చి చూసి, "బండి గట్టు దిగదండీ, కర్రే గట్టెక్కాలి" అన్నాడు. మిగతావారి కంటే పావు వంతు ఎక్కువ అడిగినా, ఆ ఒక్క మాటకే పని అతనికి ఇచ్చాను.

లాగే పద్ధతి ఈ ముఠా పనిలో అన్నిటికంటే మేలైన భాగం. గట్టు మీదున్న ఒక తాటిచెట్టుకు గోనెసంచులు చుట్టి, దానికి కప్పీ కట్టి, పొడవాటి మోకును దాని గుండా పోనిచ్చి, ఒక కొసను గట్టు మీద నిలిపిన ట్రాక్టరుకు, రెండో కొసను ఇరవయ్యేసి కర్రల కట్టకు కట్టారు. ట్రాక్టరు గట్టి నేల మీద ముందుకు సాగుతుంటే కట్ట బురదలోంచి జారుతూ బయటికి వచ్చింది. తీసిన వరుసే దారి అయింది. కొట్టిన కొమ్మలనూ ఆకునూ ఆ దారిలో మందంగా పరచడం వల్ల కట్ట నేలను కోసుకుపోకుండా వాటి మీదుగా జారింది. దారి మలుపు తిరిగే చోట, తీసేయవలసిన చెట్లనే కొన్నింటిని చివరి దాకా ఉంచారు. కట్టలు ఒరుసుకుని బెరడు ఊడితే ఊడేది వాటికే. పనంతా అయ్యాక వాటినీ కొట్టేశారు. ఇంత ముందుచూపు నేను వారినుంచి ఆశించలేదు. పని ముగిశాక కొలిచి చూస్తే దారి జానెడు లోతుకు మించి అణగలేదు, అదీ రెండు చోట్ల మాత్రమే.

చలి దేశాలలో ఈ చిక్కును మరో విధంగా దాటుతారు. ఫిన్లాండులో భూభాగంలో దాదాపు మూడో వంతు మొదట్లో ఇటువంటి బురదనేలే కావడంతో, అక్కడ చలికాలంలో నేల గడ్డకట్టేదాకా ఆగి, ఎనిమిది చక్రాల యంత్రాలను దించుతారు. నేల గడ్డకట్టే యోగం బాపట్లకు లేదు కనుక మనకు కొమ్మల పరుపూ మోకూ మిగిలాయి.

కోతలో మాత్రం కొంత అలసత్వం కనిపించింది. బురద, ఇసుక అంటిన మొదలును రంపం మిషన్‌తో కోస్తే గొలుసు పళ్ళు కొద్దిసేపట్లోనే మొద్దుబారతాయి. మొదటి రెండు రోజులు మొదళ్ళను తుడిచి నేలకు దగ్గరగా కోశారు. తరువాత ఆ శ్రమ మానుకుని అడుగున్నర ఎత్తులో కోయడంతో, మొద్దులూ మిగిలాయి, కర్ర పొడవూ తగ్గింది. బూట్లు లేకుండా, హవాయి చెప్పులు కూడా బురదలో వదిలేసి, వట్టి కాళ్ళతో మిషన్ పట్టుకున్న కుర్రాళ్ళను చూసి నేను అభ్యంతరం చెప్పాను. మేస్త్రి నవ్వి ఊరుకున్నాడు. కాలు జారే నేల మీద తిరిగే గొలుసుతో పనిచేయించేవాడు కనీసం బూట్లయినా కొనివ్వలేకపోవడాన్ని నేను చిన్న లోపంగా చూడలేను. నాలుగు రోజుల పని ఆరు రోజులు పట్టింది కానీ, మధ్యలో ఒక పూట జల్లు పడింది కనుక దానిని తప్పు అనను.

అసలు నష్టం మరొక చోట జరిగింది. మెరకలో ప్రతి మూడో వరుసా తీయమనీ, పల్లంలో మాత్రం మోకు దారులకు కావలసిన వరుసలు పోను వంకరవీ బక్కవీ ఏరి, మొత్తం మీద అయిదింట ఒకటి మించకుండా తీయమనీ నేను మొదటే చెప్పాను. కిక్కిరిసి పెరిగిన సన్నని చెట్లు ఒకదానినొకటి ఆనుకుని గాలిని తట్టుకుంటాయి. పైవేళ్ళ మీద నిలిచిన చోట ఆ ఆనుడును ఒక్కసారిగా తీసేస్తే మిగిలినవి ఒంటరిగా నిలవలేవు. నాలుగో రోజు బంధువుల పెళ్ళికి వెళ్ళి నేను తోటలో లేకపోవడం నా పొరపాటే. నేను తిరిగి వచ్చేసరికి పల్లంలో కూడా మూడో వరుస తీసేసి, దారికి రెండు వైపులా మంచి కర్రలను కూడా ఏరుకోవడంతో, కొన్ని చోట్ల సగం చెట్లు పోయాయి. కర్రల లెక్కన కూలి కట్టుకున్న ఒప్పందంలో ఎక్కువ కొట్టాలనే ఆశ సహజంగానే ఉంటుంది. ఆ ఒప్పందం రాసుకున్నదీ నేనే. వైశాఖంలో వచ్చిన ఈదురుగాలికి ఆ భాగంలోనే అరవైకి పైగా చెట్లు ఒరిగాయి. తక్కువ తీసిన మూలలో రెండే ఒరిగాయి.

మేస్త్రికి ఫోను చేసి చెప్పినప్పుడు వాదించకుండా వచ్చి చూసి, ఒరిగినవాటిని కూలి తీసుకోకుండా కోసి గట్టుకు చేర్చి వెళ్ళాడు. కాగితం మిల్లు కలప కోసం తోట నరికే ఏడు కూడా నేను ఇదే ముఠాను పిలుస్తాను. ఈలోగా మరొక విడత పలచన అవసరమైతే మాత్రం కూలిని కర్రల లెక్కన కాక రోజుల లెక్కన మాట్లాడుకుని, తీయవలసిన ప్రతి చెట్టుకూ ముందే నా చేతితో సున్నం గుర్తు పెడతాను.