బరంపురంలో అమ్మ మోకాళ్లకు ఫిజియోథెరపీ

మా అమ్మకు అరవై దాటాయి, మోకాళ్లలో అరుగుదల. ఒడిశాలోని బరంపురంలో పెద్దబజారు వైపున్న ఒక చిన్న ఫిజియోథెరపీ సెంటర్‌కు తీసుకెళ్తున్నాను. అక్కడ నాకు నచ్చింది మెషీన్లు కాదు, అమ్మకు తన కాళ్ల మీద నమ్మకం తెప్పించిన పద్ధతి.

అంతకుముందు ఒకచోట "మెట్లెక్కొద్దు, కింద కూర్చోవద్దు" అని పంపేశారు. ఏం చెయ్యాలో చెప్పలేదు. అమ్మ భయపడి నడక మానేసింది. తొడ కండ పల్చబడింది, ఆ బలం తగ్గేసరికి నొప్పి పెరిగింది, నిద్ర కూడా చెడింది. రెండేళ్లకోసారి వచ్చే ఇక్కడి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రకు కూడా "మీరు వెళ్లిరండి" అనేసింది.

ఇక్కడి ఫిజియో ఒడియా అమ్మాయి, తెలుగు బాగా మాట్లాడుతుంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమంది. నా వల్ల కాదంది అమ్మ. కుర్చీలో రెండు దిండ్లు వేసి "ఇప్పుడు లేవండి మావుసీ (పిన్నీ)" అంది. లేచింది! తర్వాత ఒక దిండు తీసింది, కొన్నాళ్లకు రెండోదీ తీసేసింది. ఎన్నిసార్లు లేచిందో అమ్మ చేతే నోట్‌బుక్‌లో రాయించింది. అమ్మ వయసావిడే పక్కన చెక్క మెట్లు ఎక్కి దిగుతుంటే అమ్మ అదే పనిగా చూసేది. కాస్త నొప్పి పరవాలేదు, వాపొస్తే మాత్రం చెప్పాలి అని వివరించాక టెన్షన్ చాలా తగ్గింది.

నేను టీచర్ని. బీఎడ్‌లో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త గురించి చదివాను. మాటలతో ధైర్యం చెప్పడం కంటే, స్వయంగా చేసి గెలిచిన అనుభవమే నమ్మకానికి గట్టి ఆధారమని ఆయన 1977లోనే రాశాడు. ఆ దిండ్ల దగ్గర నాకది కళ్లారా కనిపించింది.

నమ్మకం వచ్చినంత మాత్రాన అరిగిన కీలు కొత్తదైపోదు, ఆ మాట సెంటర్ వాళ్లే చెప్పారు. ఓపిక వచ్చిందని అమ్మ షుగర్ మాత్రలు మానేద్దామనుకుంటే, డాక్టర్ని అడక్కుండా మానొద్దని గట్టిగా చెప్పారు. ఆ నిజాయితీ వల్లే వాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది.

లోపం చెప్పాలంటే, సెంటర్ మొదటి అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పితో వచ్చేవాళ్లకు ఇది అన్యాయం. మెట్లకు ఒకవైపే పట్టుకునే కమ్మీ ఉంది, రెండోవైపూ పెట్టాలి. సాయంత్రం రద్దీ ఎక్కువ, తొందర పెడతారు. పొద్దున్నే వెళ్లండి, పాత ఎక్స్‌రే ఉంటే తీసుకెళ్లండి, నోట్‌బుక్ ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.