మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర చీరల దుకాణం: పరుపు మీది పెద్దాయన కోసమైనా వెళ్ళండి

అక్క కూతురి పెళ్ళికని గద్వాల చీర కొనడానికి వెళ్ళాను. సందులో చిన్న దుకాణం. లోపల పరుపు మీద, గోడకు వీపు ఆనించి ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. డెబ్బైకి దగ్గరగా ఉంటారు. పైన తెల్లటి దీపం, పక్కన దిండు. "మూడో అరలో ఎడమవైపు ఆకుపచ్చది తియ్యి నాయనా" అంటే కుర్రాడు నిచ్చెనెక్కి దింపుతున్నాడు.

నాకు మా నాన్న గుర్తొచ్చారు. వేరే ఊళ్ళో ఒక పెద్ద బట్టల దుకాణంలో ముప్పై ఏళ్ళు నిలబడే పనిచేశారు. మోకాళ్ళు అరిగాక స్టూలు అడిగితే, కొనేవాళ్ళ ముందు కూర్చుంటే బాగుండదన్నారు అక్కడి యజమాని. ఆ దసరా రాకముందే ఇక పనికి రావద్దన్నారు. మన తెలంగాణలో ప్రభుత్వోద్యోగుల విరమణ వయసు 2021లో 58 నుంచి 61కి పెరిగింది. నాన్న విరమణను మాత్రం వయసు కాదు, ఎక్కలేని నిచ్చెన నిర్ణయించింది. దుకాణాల్లో పనిచేసేవాళ్ళు కూర్చునే వీలుండాలని కేరళలో 2018లో చట్టమే సవరించారు. ఈ దుకాణం యజమాని తన దగ్గర పనిచేసే పెద్దాయనకు ఒక పరుపు వేశారు, అంతే.

దాని లాభం నాకే దక్కింది. నేను మోజుపడిన చీరను ఆయన తిరగేసి, నూలు ఒంటికీ పట్టు అంచుకీ మధ్య వేలు నడిపించారు. "ఈ రెండింటినీ మగ్గం మీదే పోగుకు పోగు మెలేసి కలుపుతారమ్మా, కుప్పడం అంటారు. ఇక్కడ చూడు, లాగింది. రెండు ఉతుకులకు ముడత తేలుతుంది" అని పక్కన పెట్టించారు. దానికంటే వెయ్యి తక్కువకు గుడి గోపురం లాంటి నేత ఉన్న కోటకొమ్మ అంచుది చూపించారు. రూ.6,500. నాలుగు నెలలైంది, అంచు చెక్కుచెదరలేదు. ఆ వేలికున్న తెలివి కుర్రాడికి రావాలంటే ఇంకా ఎన్నేళ్ళు ఆయన పక్కన కూర్చోవాలో!

ధర చీటీల మీద అంకెలు పెద్దవిగా రాశారు, ఆయన కళ్ళకు ఆనాలని. నాకూ హాయిగా ఉంది.

బేరం లేదు. బండి పెట్టుకునే చోటు లేదు. ఫాల్ కుట్టడానికి నాలుగు రోజులని వారం చేశారు, అది మార్చుకోవాలి.

పెద్దాయన పని పదకొండు నుంచి ఆరు వరకే. గద్వాల చీర కావాలంటే సాయంత్రం దాకా ఆగకుండా మధ్యాహ్నమే వెళ్ళండి.