తక్కువ కార్బన్ ఇల్లు: కప్పు మీది సోలారా, గోడలోని సరుకా? ఏది మేలు?

కొత్త కాలనీ బ్రోషర్లో ఇల్లు ఎప్పుడూ పైనుంచి తీసిన ఫొటోలోనే ఉంటుంది. పైనుంచి తీస్తేనే కదా సోలార్ ప్యానెళ్లు కనిపించేది! గోడలో ఏ సిమెంటు వాడారో, కిటికీ ఫ్రేము చుట్టూ సందులు మూశారో లేదో ఏ డ్రోనుకూ చిక్కదు.

ఇళ్లు కట్టి అమ్మే పెద్ద కంపెనీలు ఏటా ఒక నివేదిక వేస్తున్నాయి. ఈ ఏడాది ఇన్ని తక్కువ కార్బన్ ఇళ్లు (కట్టడానికీ వాడడానికీ కార్బన్ డయాక్సైడ్ తక్కువ వదిలేవి) అప్పగించాం, ఇంత శాతం తగ్గించాం అని. ఎవరు రాసినా అందులో ఉండే దారులు మూడే. ఒకటి, కట్టే సరుకు మార్చడం. రెండు, ఇంటి ఒంటిని సరిగ్గా కట్టడం, అంటే గోడలు, కప్పు, కిటికీల గుండా వేడి అటూ ఇటూ పారిపోకుండా చూడటం. మూడు, ఎప్పటిలాంటి ఇల్లే కట్టి దానికి సోలార్, హీట్ పంప్, బ్యాటరీ తగిలించడం. ఎక్కడో చెట్లు నాటించి సర్టిఫికెట్ కొనుక్కునే నాలుగో దారి కూడా ఉంది కానీ దానికి చివర్లో రెండు ముక్కలు చాలు.

మూడూ చేస్తే పోలేదా అంటే, అదనంగా పెట్టడానికి బిల్డర్ దగ్గరుండే డబ్బు ఎప్పుడూ తక్కువే. ముందు దేనికి పెట్టాలన్నదే అసలు తగువు. నేనైతే ఒకే ప్రశ్నతో చూస్తాను: తాళాలు చేతికిచ్చాక మార్చుకోలేనిది ఏది?

మెషిన్ల దారి

అందరికీ నచ్చేది ఇదే కాబట్టి దీంతోనే మొదలుపెడదాం. హీట్ పంప్ మంచి మెషిన్, అందులో అనుమానం లేదు. ఫ్రిజ్ తన లోపలి వేడిని లాగి వెనకవైపు పారేస్తుంది. ఇది బయటి గాలిలో ఉన్న వేడిని లాగి ఇంట్లోకి తోస్తుంది. ఒక యూనిట్ కరెంటు తీసుకుని మూడు యూనిట్ల దాకా, ఒక్కోసారి అంతకు మించి వేడి ఇస్తుంది. చలి దేశాల్లో ఇంటిని వెచ్చబెట్టే గ్యాస్ బాయిలర్ ఎంత ఖరీదైనదైనా ఒక యూనిట్ గ్యాస్‌కు ఒక యూనిట్ వేడి కూడా పూర్తిగా ఇవ్వలేదు. సోలార్ ప్యానెల్ మీద కూడా నాకు ఫిర్యాదు లేదు. తన తయారీకి పట్టిన శక్తిని ఎండ బాగా ఉన్నచోట ఏడాది అటూ ఇటుగా, లేనిచోట అంతకంటే కాస్త ఎక్కువ కాలంలో తిరిగిచ్చేసి, ఆ తర్వాత పాతికేళ్ల దాకా పనిచేస్తుంది.

కానీ మెషిన్ అన్నాక దానికో ఆయుష్షు ఉంటుంది. సోలార్ కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్‌ను 10, 15 ఏళ్లకు మార్చాలి. హీట్ పంప్ 15, 20 ఏళ్లు. ఇల్లేమో వాటిని మూడు నాలుగుసార్లు మార్చేదాకా నిలబడుతుంది. పైగా హీట్ పంప్ ఎంత పెద్దది కావాలన్నది ఇల్లు ఎంత వేడి పోగొట్టుకుంటోందన్న దాన్ని బట్టి ఉంటుంది. చిల్లుల కుండకు పెద్ద మోటారు బిగించినా కుండ నిండుతుంది, బిల్లు కూడా నిండుతుంది.

హీట్ పంప్ లోపల తిరిగే గ్యాస్ సంగతి బ్రోషర్లో అసలే రాదు. ఆర్-410ఏ రకం గ్యాస్ ఒక కిలో లీకైతే, వందేళ్ల లెక్కలో దాదాపు 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఆర్-32 అయితే 675 కిలోలు. ప్రొపేన్‌తో నడిచే మెషిన్లలో ఈ బాధ దాదాపు లేదు, కాకపోతే అది మండే గ్యాస్ కాబట్టి బిగించేవాళ్లకు సరైన శిక్షణ ఉండాలి. ఏ గ్యాస్ పోశారని సేల్స్ ఆఫీసులో అడిగి చూడండి, సమాధానం చెప్పేవాళ్లు అరుదు.

దక్షిణ లండన్‌లో బెడ్‌జెడ్ అనే కాలనీ ఉంది. 100 ఇళ్లు, 2002లో పూర్తయింది. గోడల్లో 300 మిల్లీమీటర్ల మందాన ఇన్సులేషన్ (వేడిని దాటనివ్వని పొర), దక్షిణపు ఎండకు తిప్పిన పెద్ద అద్దాలు, కప్పుల మీద గాలివాటానికి తిరిగే రంగురంగుల గొట్టాలు. కరెంటూ వేడీ అక్కడే పుట్టాలని చెక్క ముక్కలతో నడిచే చిన్న ప్లాంటు కూడా పెట్టారు. ఆ ప్లాంటు నిలకడగా నడవలేదు. కొన్నేళ్లకే దాన్ని ఆపేసి గ్యాస్ బాయిలర్లు తెచ్చుకోవాల్సి వచ్చింది. గోడలు మాత్రం మొదటి రోజు ఏ పని చేశాయో ఇప్పటికీ అదే చేస్తున్నాయి, ఎవరూ సర్వీసింగ్‌కు రానక్కర్లేకుండా.

ఇంటి ఒళ్లు

జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 1991లో నాలుగు ఇళ్లు వరుసగా కట్టారు. పాసివ్ హౌస్ అనే పద్ధతికి అవే తొలి ఇళ్లు. చదరపు మీటరుకు ఏడాదికి 15 యూనిట్లకు మించి వేడి పెట్టాల్సిన పని ఉండకూడదన్నది ఆ పద్ధతి నియమం. పాతికేళ్ల తర్వాత కొలిచి చూసినా ఆ ఇళ్ల పనితీరు చెక్కుచెదరలేదు.

ఈ దారిలో నాకు నచ్చే విషయం, మాటలతో నెట్టుకురాలేరు. కొలవొచ్చు. ఇల్లు పూర్తయ్యాక వీధి తలుపు తెరిచి, ఆ చట్రంలో గుడ్డ తెర బిగిస్తారు, తెరలో ఫ్యాను. కిటికీలన్నీ మూసి, లోపలి గాలిని ఫ్యాను బయటికి లాగుతుంటే లోపలికీ బయటికీ ఒత్తిడి తేడా 50 పాస్కల్స్ దగ్గర నిలబెడతారు. ఇక ఇల్లంతా తిరగాలి. స్విచ్ బోర్డు దగ్గర అరచేయి పెడితే సన్నగా గాలి తగులుతుంది. సింకు కింద తలుపు తీస్తే ఇంకా గట్టిగా. అక్కడ పైపు వేసినతను అంగుళం పైపుకు మూడంగుళాల బొక్క కొట్టి ఉంటాడు, దాని ముందు టైలు వచ్చేసి ఉంటుంది, టైలు వెనక బొక్క మాత్రం అలాగే ఉంటుంది. ఇలాంటివన్నీ కలిపి, ఆ ఒత్తిడి దగ్గర గంటకు ఇంట్లోని గాలి ఎన్నిసార్లు మారుతోందో మీటరు చెప్పేస్తుంది. పాసివ్ హౌస్‌లో అది 0.6 దాటకూడదు. టెస్టు పాసయ్యాక ఇంటర్నెట్ కేబుల్ అతను వచ్చి గోడకు ఇంకో బొక్క పెడతాడు, అది వేరే కథ.

సందులన్నీ మూస్తే ఊపిరాడదు కదా అనే మాట నిజమే. గాలి కోసం విడిగా ఏర్పాటు చేయకుండా ఇంటిని బిగించేస్తే గది మూలల్లో బూజు పడుతుంది. బయటికి పోయే గాలిలోని వేడిని లోపలికొచ్చే గాలికి అందించే ఫ్యాన్లు ఇందుకే ఉన్నాయి. వాటి ఫిల్టర్లు మార్చకపోతే అవీ దండగే.

ఎండ ఎక్కువగా ఉండేచోట కూడా ఈ దారి పనికొస్తుంది, తీరు మారుతుందంతే. అక్కడ ముందు చూడాల్సినవి కప్పు, పడమటి కిటికీ. ఎండ అద్దం దాటి వచ్చాక కర్టెన్ వేసి పెద్ద లాభం లేదు, వేడి అప్పటికే గదిలోకి దిగిపోయి ఉంటుంది. సన్ షేడ్‌తో బయటే ఆపాలి. కప్పు మీద లేత రంగు పూత, దాని కింద ఇన్సులేషన్ ఉంటే ఏసీ సైజు తగ్గుతుంది.

ఇక్కడిదాకా గోడలదే గెలుపు అనుకున్నాను. కానీ నా ప్రశ్నే నన్ను ఇరికించింది.

సరుకు

గోడకు ఇన్సులేషన్ తర్వాతైనా వేసుకోవచ్చు, కష్టమూ ఖర్చూ ఎక్కువే కానీ కుదురుతుంది. పునాదిలో పోసిన సిమెంటు తాలూకు కార్బన్‌ను మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు. తాళాలు చేతికొచ్చే రోజుకే అది గాలిలో కలిసిపోయి ఉంటుంది. ఆ ఇంట్లో ఇంకా ఒక్క బల్బు కూడా వెలిగి ఉండదు.

ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం సిమెంటు ఖాతాలోదే. ఫ్యాక్టరీకి సోలార్ పెడితే పోదా అంటే పోదు. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 56 కిలోల సున్నం మిగిలి, 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. ఇది రాయిలోంచి వచ్చే పొగ. బట్టీని 1,450 డిగ్రీల దాకా కాల్చే ఇంధనం పొగ దీనికి అదనం. కాబట్టి ముఖ్యమైన మార్గం క్లింకర్ (బట్టీలో కాలి వచ్చే గట్టి ఉండలు, వాటిని పొడిచేస్తేనే సిమెంటు) పాలు తగ్గించడం. బొగ్గు కరెంటు ప్లాంట్ల బూడిద (ఫ్లైయాష్), స్టీల్ ఫ్యాక్టరీల వ్యర్థం (స్లాగ్) కలపడం పాత పద్ధతి. కాల్చిన బంకమట్టి, సున్నపురాయి పొడి కలిపే ఎల్‌సీ3 అనే సిమెంటు కొత్తది. స్విట్జర్లాండ్, క్యూబా, భారత్ పరిశోధకులు కలిసి తయారుచేసిన ఈ సిమెంటులో క్లింకర్ సగమే ఉంటుంది, మామూలు సిమెంటుతో పోలిస్తే కార్బన్ 40 శాతం దాకా తగ్గుతుంది.

మరి బిల్డర్లందరూ ఎందుకు వాడరు? సైటులో నిలబడితే తెలుస్తుంది. ఫ్లైయాష్, స్లాగ్ ఎక్కువ కలిపిన కాంక్రీటుకు మొదటి రోజుల్లో బలం నెమ్మదిగా వస్తుంది, చలికాలంలో మరీ. సెంట్రింగ్ విప్పడం నాలుగు రోజులు ఆలస్యమైతే పై స్లాబు నాలుగు రోజులు ఆలస్యం, ఆ సామాను వేరే బ్లాకుకు వెళ్లడం ఆలస్యం. మేస్త్రీకి కార్బన్ లెక్క లేదు, రోజుల లెక్క ఉంది. ఆ నాలుగు రోజులు ముందే షెడ్యూల్లో రాసిపెట్టే బిల్డర్ కనిపిస్తే నేను సగం నమ్మేస్తాను.

కలప ఇంకో మార్గం. ఎండిన కలప బరువులో దాదాపు సగం కార్బనే, చెట్టు గాలిలోంచి తీసుకున్నది. నార్వేలో 2019లో పూర్తయిన మ్యోస్‌టార్నెట్ భవనం కలప చట్రంతోనే 85 మీటర్ల ఎత్తు లేచింది. అయితే నరికినచోట అడవి మళ్లీ పెరగకపోతే ఈ లెక్క మొత్తం తలకిందులవుతుంది.

అన్నిటికంటే చవకైన పనిని ఏ నివేదికా గొప్పగా చెప్పుకోదు: తక్కువ కట్టడం. సెల్లార్‌లో ఒక అంతస్తు పార్కింగ్ తగ్గిస్తే పోయే కాంక్రీటు ముందు కప్పు మీద ఇంకో నాలుగు ప్యానెళ్లు చిన్నవైపోతాయి. గది వెడల్పు కాస్త తగ్గిస్తే స్లాబు మందం తగ్గుతుంది. డ్రాయింగ్ దశలో ఇది ఒక గీత చెరపడమే.

డెన్మార్క్ ఈ విషయంలో ముందుంది. 2023లో 1,000 చదరపు మీటర్లు దాటిన కొత్త భవనాలకు 50 ఏళ్ల లెక్కలో, సరుకూ వాడకమూ కలిపి, చదరపు మీటరుకు ఏడాదికి 12 కిలోలకు మించి కార్బన్ ఉండకూడదని హద్దు పెట్టింది, 2025లో దాన్ని ఇంకా బిగించింది. ఫ్రాన్స్ కూడా 2022 నుంచి కొత్త ఇళ్లకు సరుకు కార్బన్‌ను నిబంధనల్లోకి తెచ్చింది.

ఇంతకీ ఏది ముందు?

బొగ్గు కరెంటు మీద నడిచేచోట ఇల్లు వాడే శక్తిదే పెద్ద పద్దు. అక్కడ డబ్బులో ఎక్కువ భాగం ఇంటి ఒంటి మీద పెట్టాలి. గ్రిడ్ శుభ్రపడుతున్న కొద్దీ వాడకం పద్దు కరిగిపోయి సరుకు పద్దు పెద్దదిగా బయటపడుతుంది. డబ్బు ఎటు ఎక్కువ పోయినా, నిర్ణయించే వరుస మాత్రం నాకు ఎక్కడైనా ఒకటే, తర్వాత మార్చలేనిది ముందు: ముందు డ్రాయింగు, సరుకు. తర్వాత గోడలు, కిటికీలు. మెషిన్లు చివర. ఈ రోజు సోలార్‌కు డబ్బు లేకపోతే కప్పు నీడ పడకుండా ఉంచి, వైర్లకు పైపు వేసి వదిలేయండి. ఐదేళ్లకు కొనేవాళ్లే పెట్టుకుంటారు, అప్పటికి ఇంకా మంచి ప్యానెల్ వస్తుంది. మూడంగుళాల బొక్క కోసం టైలు పగలగొట్టించేవాళ్లు ఉండరు.

నివేదిక చదివేటప్పుడు కూడా ఇదే వరుస. మా ఆఫీసులు, సైట్ల ఉద్గారాలు బాగా తగ్గాయి అని మొదటి పేజీలో ఉంటే తొందరపడొద్దు. స్కోప్ 1, స్కోప్ 2 అనే ఆ పద్దులు ఇళ్లు కట్టే కంపెనీకి చిన్నవి. కొన్న సరుకు, అమ్మిన ఇళ్లు ఏళ్ల తరబడి కాల్చే శక్తి స్కోప్ 3లో ఉంటాయి, కొండంత భాగం అక్కడే. ఇంటికి సగటున తగ్గింది అంటే మొత్తం ఎంత అని చూడాలి, ఎందుకంటే ఇళ్ల సంఖ్య పెరిగితే మొత్తం పెరుగుతుంది. డిజైన్ ప్రకారం అని ఉంటే కట్టాక కొలిచారా అని చూడాలి. ఇక చెట్ల సర్టిఫికెట్లు: తగ్గించిన అంకెలో వాటిని కలిపేసి ఉంటే ఆ అంకెను నేను పక్కన పెట్టేస్తాను.

గడువుల మీద కూడా పెద్దగా ఆశ పెట్టుకోను. ఇంగ్లండ్‌లో 2016 నుంచి కొత్త ఇళ్లన్నీ జీరో కార్బన్‌వే ఉండాలని 2006లో ప్రభుత్వం ప్రకటించింది. గడువు రాకముందే, 2015లో, ఆ విధానాన్నే ఎత్తేశారు.

ఇప్పటికే నిలబడి ఉన్న పాత ఇల్లు కొంటుంటే మాత్రం నా వరుస మారిపోతుంది. దాని సిమెంటు పొగ ఎప్పుడో వెళ్లిపోయింది, కొత్తగా పోసేదేమీ లేదు. కప్పుకు ఇన్సులేషన్, కిటికీలకు సీళ్లు, ఆ తర్వాత చిన్న హీట్ పంప్, సోలార్. చాలాసార్లు కొత్త తక్కువ కార్బన్ ఇంటికంటే ఇదే తక్కువ కార్బన్‌తో తేలుతుంది. బిల్డర్ నివేదికలో ఈ పద్దు ఎక్కడా ఉండదు, పాత ఇల్లు అమ్మేది ఆయన కాదు కదా.