ఆల్ఫాఫోల్డ్ ప్రొటీన్ నిర్మాణాల డేటాబేస్: పరిశోధక విద్యార్థులకు ఎంతవరకు ఉపయోగం?

ఒక ప్రొటీన్ త్రిమితీయ నిర్మాణం ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే చాలాకాలం ప్రొటీన్ డేటా బ్యాంకే దిక్కు. 1971లో 7 నిర్మాణాలతో మొదలైన ఆ భాండాగారంలో ఇప్పుడు రెండు లక్షలకు పైగా నిర్మాణాలున్నాయి. అయితే అవన్నీ స్ఫటికాలు పెంచి ఎక్స్‌రేలతోనో, క్రయో-ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతోనో, మరో ప్రయోగ పద్ధతిలోనో ఒక్కొక్కటిగా సాధించినవి కావడం వల్ల, మనం వెతికే ప్రొటీన్ అందులో లేకపోవడమే ఎక్కువగా జరిగేది. డీప్‌మైండ్ సంస్థ, యూరోపియన్ బయోఇన్ఫర్మాటిక్స్ ఇన్‌స్టిట్యూట్ కలిసి 2021 జులైలో ప్రారంభించిన ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్ ఈ లోటును చాలావరకు తీర్చింది. మరుసటి ఏడాదికే అందులోని నిర్మాణాల సంఖ్య 20 కోట్లు దాటింది. కాకపోతే ఇవి అమైనో ఆమ్లాల వరుసను బట్టి ఆల్ఫాఫోల్డ్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం వేసిన అంచనాలు. ఆ సంగతి గుర్తున్నవారికి ఇది అమూల్యమైన సేవ. మరచినవారిని మాత్రం చాలా సులువుగా తప్పుదారి పట్టిస్తుంది.

వాడకం విషయంలో వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. ఖాతా తెరవనక్కరలేదు, రుసుము లేదు, మూలాన్ని పేర్కొంటే వాణిజ్య అవసరాలకూ వాడుకోవచ్చు. ప్రొటీన్ పేరు గానీ, జన్యువు పేరు గానీ, ప్రొటీన్ల వరుసల భాండాగారమైన యూనిప్రాట్‌లో దానికున్న సంఖ్య గానీ ఇస్తే చాలు, నిర్మాణం బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. విడిగా సాఫ్ట్‌వేర్ ఎక్కించుకునే అవసరం లేకపోవడం సాధారణ కంప్యూటర్లతో నెట్టుకొచ్చే కళాశాలలకు నిజమైన మేలు.

మన గిరిజన ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్ వ్యాధి మీద పనిచేసే విద్యార్థి హీమోగ్లోబిన్ బీటా గొలుసు కోసం దాని యూనిప్రాట్ సంఖ్య పి68871తో వెతికాడనుకుందాం. తెర మీద దాదాపు మొత్తం ముదురు నీలంలో ఉన్న బొమ్మ వస్తుంది. ముదురు నీలమంటే, ఆ భాగం అంచనా ఎంత నమ్మదగినదో నూటికి ఇన్ని మార్కులని చెప్పే నమ్మక సూచిక 90కి పైన ఉన్నట్టు. లేత నీలం, పసుపు దాటి నారింజ రంగుకు వస్తే 50 కంటే తక్కువ. క్యాన్సర్‌ను అడ్డుకునే పి53 ప్రొటీన్‌ను తెరిస్తే ఈ రంగుల విలువ ఇంకా బాగా తెలుస్తుంది: డీఎన్‌ఏను పట్టుకునే నడిమి భాగం నీలంగా, స్థిరమైన ఆకారం లేని మొదలు భాగం తక్కువ నమ్మకాన్ని సూచించే రంగుల్లో కనిపిస్తాయి. అయితే ఈ సూచిక కూడా ఆ ప్రోగ్రాం తన మీద తాను వేసుకున్న అంచనాయే. ప్రొటీన్ డేటా బ్యాంకులోని నిర్మాణాలకు తనిఖీ నివేదిక జతగా ఉంటుంది. 1963లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్ బృందం రూపొందించిన, ప్రొటీన్ గొలుసు ఏయే కోణాల్లో మెలి తిరగగలదో చూపే పటం ఆ తనిఖీలో ఇప్పటికీ ఒక ముఖ్యమైన కొలమానం.

మళ్లీ బీటా గొలుసు దగ్గరికి వస్తే, ఆ బొమ్మలో ఇనుమును పట్టి ఉంచే హీమ్ అనే చిన్న అణువు లేదు, ఆ ఇనుమూ లేదు, తోడుండాల్సిన మూడు గొలుసులూ లేవు. హీమ్ కూర్చునే చోటు మాత్రం ఖాళీగా, చక్కగా ఏర్పడి ఉంటుంది. చిన్న అణువులు, లోహ అయాన్లు ఈ నమూనాల్లో ఉండవని తరచూ అడిగే ప్రశ్నల పేజీలో చెప్పారు గానీ, కొత్తవారు ముందు చూసేది బొమ్మనే కాబట్టి ఆ మాట బొమ్మ పక్కనే పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది. ప్రయోగాల ద్వారా తేలిన నిర్మాణాలకు అదే పేజీ నుంచి దారి చూపడం మాత్రం మంచి పని. ఆ దారిన వెళ్లి ప్రొటీన్ డేటా బ్యాంకులో 4హెచ్‌హెచ్‌బి అనే సంకేతంతో ఉన్న హీమోగ్లోబిన్ నిర్మాణాన్ని తెరిస్తే నాలుగు గొలుసులూ, నాలుగు హీమ్‌లూ కనిపిస్తాయి.

ఇంకొక చిక్కు లెక్కింపులో ఉంది. సికిల్ సెల్‌కు కారణం 6వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ రావడమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ప్రొటీన్ తయారయ్యాక తొలగిపోయే మొదటి అమైనో ఆమ్లం మెథియోనిన్‌ను కూడా యూనిప్రాట్ లెక్క కలుపుకుంటుంది కనుక ఆల్ఫాఫోల్డ్ నమూనాలో అదే స్థానం 7 అవుతుంది. సరే, స్థానం దొరికిందని అక్కడ వాలీన్ పెట్టి ఆల్ఫాఫోల్డ్‌ను మళ్లీ నడిపితే ఏమవుతుంది? దాదాపు అదే ఆకారం వస్తుంది. ఒక్క అమైనో ఆమ్లం మార్పు ఫలితాన్ని చెప్పడానికి ఆ ప్రోగ్రాం తయారు కాలేదు. మార్పు హానికరమా కాదా అని అంచనా వేసే ఆల్ఫామిస్సెన్స్ మార్కులను మానవ ప్రొటీన్ల పేజీల్లో తర్వాత చేర్చారు గానీ, అవి మార్కులే తప్ప నిర్మాణాలు కావు. ఆ వాలీన్ పక్క హీమోగ్లోబిన్ అణువు గుంతలో ఎలా ఇమిడిపోతుందో, కణాల్లో పోగులు ఎందుకు ఏర్పడతాయో చూడాలంటే ప్రొటీన్ డేటా బ్యాంకులోని సికిల్ హీమోగ్లోబిన్ నిర్మాణం 2హెచ్‌బీఎస్ తెరవాల్సిందే.

మొత్తం డేటా సుమారు 23 టెరాబైట్లు కాబట్టి అంతా దింపుకోవాలన్న ఆలోచన చాలామందికి అనవసరం. జీవిజాతుల వారీగా కట్టిన మూటలు విడిగా దొరుకుతాయి. చాలా పొడవైన ప్రొటీన్ల వారికి మాత్రం కొంత నిరాశ తప్పదు. 2022 నాటి విస్తరణలో 2,700 అమైనో ఆమ్లాలు దాటిన మానవ ప్రొటీన్లకు విడి పేజీలు ఇవ్వలేదు. 1,400 చొప్పున ఒకదానిపై ఒకటి కొంత కలిసేలా కోసిన ముక్కలను దింపుకునే మూటలో మాత్రమే ఉంచారు. కండరాలకు సంబంధించిన డిస్ట్రోఫిన్ వంటి వాటి మీద పనిచేసేవారు ఆ ముక్కల్లో తమకు కావలసిన భాగం ఎక్కడుందో తామే వెతుక్కోవాలి.